సర్వర్ ఆన్‌లోనే ఉంది.. మరి సేవ ఎందుకు ఆగింది? పాత స్టార్టప్ స్క్రిప్టుల చిక్కు ఇదీ

ఆదాయ ధ్రువపత్రం కోసమో, కాలేజీ ఫీజు రసీదు కోసమో, ల్యాబ్ రిపోర్టు కోసమో మీరు కౌంటర్ ముందు నిలబడ్డారు. ‘సర్వర్ డౌన్ అండీ, మధ్యాహ్నం రండి’ అన్నారు. ఏలూరులోనే ఇల్లున్నవారికి అది ఒక పూట ఆలస్యం. కొల్లేరు లంక గ్రామం నుంచి చెరువు పని మానుకుని వచ్చినవారికి ఒక రోజు కూలి. ఆ రోజే దరఖాస్తుకు ఆఖరు తేదీ అయితే నష్టం ఇంకా పెద్దది.

కొన్నిసార్లు ఆ సర్వర్ నిజానికి ఆగిపోయి ఉండదు. లైట్లు వెలుగుతుంటాయి, ఫ్యాన్ తిరుగుతుంటుంది. మీ పని చేసిపెట్టాల్సిన ప్రోగ్రామ్ ఒక్కటే లేచి ఉండదు. రాత్రి కరెంటు పోయి వచ్చాకో, కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేశాకో ఇలా జరిగితే ముందుగా అనుమానించాల్సినవాటిలో ఒకటి పాత స్టార్టప్ స్క్రిప్టు. అసలేమిటది? ఇన్నేళ్లు పనిచేసింది ఇప్పుడెందుకు మొరాయిస్తోంది? ఎలా సరిచేయాలి? వివరంగా చూద్దాం.

‘సర్వర్ డౌన్’లో ఎన్ని రకాలు?

కౌంటర్‌లో వినిపించే ఈ ఒక్క మాట వెనక కనీసం మూడు వేర్వేరు సమస్యలు ఉండొచ్చు.

మొదటిది, దారి తెగడం. సర్వర్ బాగానే ఉంటుంది, మీ కౌంటర్ నుంచి అక్కడికి వెళ్లే ఇంటర్నెట్ లైన్ పోతుంది. రెండోది, యంత్రమే ఆగిపోవడం. విద్యుత్ సరఫరా లేకో, హార్డ్ డిస్క్ పాడయ్యో సర్వర్ లేవదు. మూడోది, యంత్రం లేచినా సేవ లేవకపోవడం.

మొదటి రెండూ బయటికి కనిపిస్తాయి. లైన్ పోతే టెలికాం సిబ్బందికి ఫోన్ వెళ్తుంది, డిస్క్ పోతే కొత్తది కొంటారు. మూడోది మాత్రం కనిపించదు. సర్వర్ ‘పింగ్’కు బదులిస్తుంది. తెర మీద లాగిన్ అడుగుతుంది. అన్నీ బాగున్నట్టే ఉంటాయి, పని మాత్రం జరగదు. ఎవరో వచ్చి ఒక ఆదేశం చేత్తో కొడితే సేవ మొదలవుతుంది. ‘అదంతే, రీస్టార్ట్ అయినప్పుడల్లా చేత్తో ఆన్ చేయాలి’ అన్నది ఆఫీసులో ఆనవాయితీగా మారుతుంది. ఆ ఆదేశం తెలిసిన ఉద్యోగి సెలవు పెట్టిన రోజున అందరూ క్యూలో నిలబడాల్సి వస్తుంది.

స్టార్టప్ స్క్రిప్టు అంటే ఏమిటి?

సర్వర్లలో ఎక్కువగా వాడే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్. కంప్యూటర్ ఆన్ కాగానే లినక్స్ ముందుగా ఒక ప్రోగ్రామ్‌ను లేపుతుంది. దానికి ‘ఇనిట్’ అని పేరు. మిగతావాటన్నింటినీ లేపే బాధ్యత దానిదే. నెట్‌వర్క్, డేటాబేస్, వెబ్‌సైట్, ప్రింటింగ్, ఇలా ఒక్కోదాన్ని ఎలా మొదలుపెట్టాలో, ఎలా ఆపాలో రాసి ఉంచిన చిన్న ఆదేశాల చీటీయే స్టార్టప్ స్క్రిప్టు.

పాత పద్ధతికి ‘సిస్టమ్ ఫైవ్ ఇనిట్’ అని పేరు. 1983లో ఏటీ అండ్ టీ సంస్థ తెచ్చిన యూనిక్స్ సిస్టమ్ ఫైవ్ నుంచి వచ్చిన పేరది. స్క్రిప్టులన్నీ ‘ఇనిట్.డీ’ అనే ఫోల్డర్‌లో ఉండేవి. వాటికి ఎస్ 10, ఎస్ 20, ఎస్ 90 అంటూ వరుస సంఖ్యలు ఇచ్చేవారు. వీటికి తోడు ‘ఆర్‌సీ.లోకల్’ అనే ఫైలు ఒకటి ఉండేది. అన్నీ అయ్యాక చివర్లో నడవాల్సిన ఆదేశాలు ఏవైనా ఉంటే అందులో రాసేసేవారు. ఎక్కడ పెట్టాలో తెలియని ప్రతి ఆదేశానికీ అదే చోటు.

కొత్త పద్ధతి పేరు ‘సిస్టమ్‌డీ’. 2010లో రెడ్ హ్యాట్ ఇంజినీరు లెనార్ట్ పోట్టరింగ్ దీన్ని ప్రకటించారు. 2011లో ఫెడోరా 15 దీన్ని ప్రామాణికంగా తీసుకుంది. 2014లో రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7, సెంటోస్ 7 ఇదే దారి పట్టాయి. ఎంతో వాదోపవాదం తర్వాత డెబియన్ కూడా 2015లో తన 8వ వెర్షన్‌తో మారింది. అదే ఏడాది ఉబుంటు 15.04 కూడా మారింది. ఈరోజు ప్రధాన లినక్స్ సర్వర్లలో అత్యధికం సిస్టమ్‌డీతోనే లేస్తాయి.

చేపల లారీతో పోల్చి చూస్తే..

ఈ రెండు పద్ధతుల తేడా అర్థం కావాలంటే కొల్లేరు చుట్టుపక్కల చేపల ప్యాకింగ్ ఎలా జరుగుతుందో గుర్తుచేసుకోండి. ఐసు రావాలి, చేపలు తూకం కావాలి, ట్రేలలో ఐసుతో సర్దాలి, ఆ తర్వాతే లారీ కదలాలి.

పాత పద్ధతిలో ఒకే మేస్త్రీ ఉంటాడు. చేతిలో వరుస చీటీ ఉంటుంది. ఒక పని పూర్తయ్యే వరకూ రెండోది మొదలుపెట్టడు. ఆలస్యమవుతుంది. కానీ లారీ వంతు చివర్లో ఉంది కాబట్టి ఐసు అప్పటికే వచ్చి ఉంటుంది. ‘లారీకి ముందు ఐసు కావాలి’ అని ఎక్కడా రాయాల్సిన పనిలేదు. వరుసే ఆ పని చూసుకుంటుంది.

కొత్త పద్ధతిలో మేస్త్రీ అందరినీ ఒకేసారి పనిలోకి దింపుతాడు. ఎవరికి ఏది ముందు కావాలో వాళ్లే రాసి ఇవ్వాలి. ‘ఐసు వచ్చాకే నేను కదులుతాను’ అని లారీ డ్రైవర్ రాసి ఇస్తే మేస్త్రీ ఆపుతాడు. రాయకపోతే లారీ ఐసు లేకుండానే వెళ్లిపోతుంది. మేస్త్రీ తప్పేమీ లేదు, చీటీలో ఆ మాట లేదంతే.

పాత స్క్రిప్టుల సమస్య సరిగ్గా ఇదే. ‘డేటాబేస్ వచ్చాక నేను’ అన్న మాట వాటిలో చాలావాటిలో ఉండదు. వరుస సంఖ్య మీదే ఆధారపడి బతికాయి. అందుకే ఒక రోజు పనిచేస్తాయి, మరో రోజు చేయవు. డేటాబేస్ తొందరగా లేస్తే అన్నీ సవ్యంగా ఉంటాయి. కరెంటు పోయి వచ్చాక అది తన ఫైళ్లు సరిచూసుకుంటూ ఆలస్యంగా లేచిందంటే వెబ్‌సైట్ ముందే లేచి, డేటాబేస్ కనబడక ఆగిపోతుంది.

మన ప్రాంతానికి ఇదెందుకు పట్టాలి?

కంప్యూటర్ సేవలు ఈ జిల్లాలకు కొత్త కాదు. ఏలూరు కేంద్రంగా ఉన్న ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లాలో 2002లోనే మండల కేంద్రాల్లో ఈ-సేవ కేంద్రాలు వచ్చాయి. మహిళా స్వయం సహాయక సంఘాల సభ్యులే వాటిని నడిపారు. 2011లో మీసేవ వచ్చింది. 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి ఏలూరు ఒక జిల్లాకు, భీమవరం మరో జిల్లాకు కేంద్రాలయ్యాయి. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలో ఉండిపోయింది, కైకలూరు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాకు వచ్చింది. 2025 జనవరి 30న 161 సేవలతో ‘మన మిత్ర’ వాట్సాప్ సేవ మొదలైంది.

ప్రభుత్వ సేవల పెద్ద సర్వర్లు డేటా సెంటర్లలో ఉంటాయి, వాటికి ప్రత్యేక సిబ్బంది ఉంటారు. కానీ మన రోజువారీ పనులన్నీ అక్కడే జరగవు. కాలేజీ పరీక్షల విభాగం, సహకార సంఘం, ఆస్పత్రి ల్యాబ్, రైస్ మిల్లు ఖాతాలు, ఐసు ఫ్యాక్టరీ బిల్లింగ్, ఇలాంటి చోట్ల బీరువా పక్కన ఒక సర్వర్ ఉంటుంది. పదేళ్ల కిందట ఎవరో పెట్టి వెళ్లారు. ఆ తర్వాత దాన్ని ముట్టుకున్నవారు లేరు. ‘పనిచేస్తోందిగా, కదిలించొద్దు’ అన్నదే దాని నిర్వహణ.

ఇక్కడ దాన్ని కదిలించేది మనిషి కాదు, వాతావరణం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఈ జిల్లాలూ దెబ్బతిన్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేరుకు చేరి లంక గ్రామాల దారులు మునిగాయి. గాలివానకు గంటల తరబడి కరెంటు పోతే యూపీఎస్ బ్యాటరీ అయిపోతుంది, సర్వర్ పడిపోతుంది. రెండేళ్లుగా ఆగని యంత్రం అప్పుడు మొదటిసారి రీబూట్ అవుతుంది. ఆ రెండేళ్లలో జరిగిన మార్పులన్నీ ఆ ఒక్క రాత్రి బయటపడతాయి. అది కూడా జనానికి ధ్రువపత్రాలు, బిల్లులు, మందులు ఎక్కువ అవసరమైన రోజున.

పాత స్క్రిప్టు ఎక్కడెక్కడ తడబడుతుంది?

ఆదేశాలు, ఫైళ్ల పేర్లు చదవడానికి వీలుగా ఇక్కడ తెలుగులో ఇస్తున్నాం. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఇవ్వాలి.

1. నడిచే అనుమతి లేకపోవడం: ఆర్‌సీ.లోకల్ ఫైలుకు ‘ఎగ్జిక్యూట్’ అనుమతి ఉంటేనే సిస్టమ్‌డీ దాన్ని పట్టించుకుంటుంది. లేకపోతే తప్పు చూపించదు, అసలు ఆ ఫైలు లేనట్టే వదిలేస్తుంది. సెంటోస్ 7లో ఆ ఫైలు మొదటి నుంచీ ఆ అనుమతి లేకుండానే వస్తుంది. పాత సర్వర్ నుంచి ఆదేశాలు కాపీ చేసుకుని ‘అన్నీ పెట్టాం కదా’ అనుకున్నవారు ఎక్కువగా ఇక్కడే చిక్కుకుంటారు.

2. మొదటి వరుస లేకపోవడం: ఏ షెల్‌తో నడపాలో చెప్పే మొదటి వరుస తప్పనిసరి. అది లేకపోతే ‘203/ఎగ్జెక్’ అనే తప్పు కనిపిస్తుంది. ఫైలును విండోస్ నోట్‌ప్యాడ్‌లో దిద్ది తెచ్చినా ఇదే జరగొచ్చు. వరుస చివర కంటికి కనిపించని అదనపు గుర్తు చేరుతుంది. ఫైలు కళ్లెదుటే ఉన్నా ‘అలాంటి ఫైలు లేదు’ అని సిస్టమ్ అంటుంది.

3. దారులు తెలియకపోవడం: మీరు లాగిన్ అయి స్క్రిప్టు నడిపితే మీ ఖాతాలోని సెట్టింగులన్నీ దానికి అందుతాయి. బూట్ సమయంలో అవేవీ ఉండవు. ఉదాహరణకు జావా ‘ఆప్ట్’ ఫోల్డర్‌లో ఉంటే మీకు దొరుకుతుంది, బూట్‌లో నడిచే స్క్రిప్టుకు దొరకదు. ‘చేత్తో కొడితే పనిచేస్తుంది, దానంతట అది లేవదు’ అనే ఫిర్యాదుకు ఇదో ప్రధాన కారణం.

4. నెట్‌వర్క్ ఇంకా రాకపోవడం: సిస్టమ్‌డీలో ‘నెట్‌వర్క్ టార్గెట్’ వేరు, ‘నెట్‌వర్క్ ఆన్‌లైన్ టార్గెట్’ వేరు. మొదటిది నెట్‌వర్క్‌ను చూసుకునే ప్రోగ్రామ్ మొదలైందని మాత్రమే చెబుతుంది. ఐపీ చిరునామా వచ్చిందని చెప్పేది రెండోది. ఈ తేడా తెలియక మొదటిదాన్ని నమ్ముకున్న సేవలు చిరునామా లేని నెట్‌వర్క్ మీద లేచి పడిపోతాయి.

5. పేర్లు మారిపోవడం: పాత సర్వర్లలో నెట్‌వర్క్ కార్డు పేరు ‘ఈత్ 0’. కొత్తవాటిలో అది ‘ఈఎన్‌పీ3ఎస్0’ లాంటి పేరుతో కనిపిస్తుంది. పాత ‘ఇఫ్‌కాన్ఫిగ్’ ఆదేశం చాలా కొత్త సిస్టమ్‌లలో ముందుగా ఉండదు. రెడ్ హ్యాట్ 8 నుంచి ఉత్త ‘పైథాన్’ అనే ఆదేశం కూడా దానంతట అది ఉండదు. స్క్రిప్టులో ఇవి ఉంటే అక్కడే ఆగుతుంది.

6. ఫోల్డర్ మాయం కావడం: ‘వార్/రన్’ ఫోల్డర్ ఇప్పుడు డిస్క్ మీద ఉండదు, మెమరీలో ఉంటుంది. రీబూట్ అయితే ఖాళీ అవుతుంది. అందులో మీ ప్రోగ్రామ్ కోసం చేత్తో చేసిన ఫోల్డర్ రీబూట్ తర్వాత ఉండదు. ప్రోగ్రామ్ తన గుర్తింపు సంఖ్యను రాసుకోవడానికి చోటు లేక ఆగుతుంది.

7. పాత తాళం మిగిలిపోవడం: ఇది ఆరో దానికి తిరగబడ్డ సమస్య. కొన్ని ప్రోగ్రాములు ‘నేను నడుస్తున్నాను’ అని తమ సొంత ఫోల్డర్‌లో ఒక తాళం ఫైలు పెట్టుకుంటాయి. కరెంటు ఒక్కసారిగా పోతే దాన్ని తీసే అవకాశం ఉండదు. మళ్లీ లేచినప్పుడు ఆ ఫైలు చూసి ‘ఇప్పటికే నడుస్తోంది’ అని స్క్రిప్టు వెనుదిరుగుతుంది.

8. గడియారం వెనక్కి పోవడం: మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా తేదీ కొన్నేళ్లు వెనక్కి వెళ్లొచ్చు. అప్పుడు భద్రతా సర్టిఫికెట్లు చెల్లనట్టు కనిపిస్తాయి, సురక్షిత కనెక్షన్లు కుదరవు. స్క్రిప్టులో తప్పు వెతుకుతూ రోజంతా గడిపేముందు ‘డేట్’ అని కొట్టి చూడండి. ఆ నాణెం బ్యాటరీ చాలా చౌక.

మరో మోసం కూడా ఉంది. పాత స్క్రిప్టును సిస్టమ్‌డీ తనంతట తానే ఒక సర్వీసుగా మార్చుకుని నడుపుతుంది. స్క్రిప్టు తన పని ముగించి వెళ్లిపోయాక అసలు ప్రోగ్రామ్ చనిపోయినా స్టేటస్‌లో ‘యాక్టివ్ (ఎగ్జిటెడ్)’ అని ఆకుపచ్చగా కనిపించే అవకాశం ఉంది. రంగు చూసి సరిపెట్టుకోకండి, బ్రాకెట్‌లోని మాట చదవండి. నడుస్తున్న సేవకు అక్కడ ‘రన్నింగ్’ అని ఉండాలి.

తప్పును ఎలా పట్టుకోవాలి?

మీరే ఆ సర్వర్ చూసుకునేవారైతే వరుసగా ఇలా వెళ్లండి. ఒకేసారి నాలుగు మార్పులు చేయొద్దు. ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది.

మొదట ‘సిస్టమ్‌సీటీఎల్ --ఫెయిల్డ్’ అని కొట్టండి. లేవని సర్వీసుల జాబితా వస్తుంది. మీ సేవ పేరు అందులో లేకపోతే దానికి అసలు పిలుపే అందకపోయి ఉండొచ్చు. అప్పుడు మొదటి కారణం, అంటే అనుమతి చూడండి. సర్వీసును ‘ఎనేబుల్’ చేశారో లేదో కూడా చూడండి.

జాబితాలో ఉంటే ‘సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్’ తర్వాత సర్వీసు పేరు ఇవ్వండి. తర్వాత ‘జర్నల్‌సీటీఎల్ -బి -యు’ పక్కన అదే పేరు ఇస్తే ఈ బూట్‌లో ఆ సర్వీసు చెప్పిన మాటలన్నీ వస్తాయి. కింది నుంచి కాకుండా పై నుంచి చదవండి. మొదటి తప్పే అసలు తప్పు, తర్వాతివి దాని పిల్లలు.

మూడోది, ‘సిస్టమ్‌సీటీఎల్ క్యాట్’. పాత స్క్రిప్టును సిస్టమ్‌డీ ఎలా అర్థం చేసుకుందో ఇది చూపిస్తుంది. ‘ఆఫ్టర్’ అనే వరుసలో మీకు కావాల్సిన డేటాబేస్ పేరు లేకపోతే కారణం దాదాపు దొరికినట్టే.

నాలుగోది, చేత్తో నడిపి చూడటం. ఇందులో ఒక మెళకువ ఉంది. మామూలుగా నడిపితే మీ సెట్టింగులు సాయం చేస్తాయి, తప్పు దాక్కుంటుంది. ‘ఎన్వ్ -ఐ’ అని ముందు పెట్టి నడిపితే ఖాళీ వాతావరణంలో నడుస్తుంది. అక్కడ ఆగిపోతే అది దారుల సమస్య. అక్కడా బాగా నడిచి, బూట్‌లో మాత్రం ఆగితే అది వరుస సమస్య. రెండు చోట్లా నడవకపోతే ప్రోగ్రామ్‌లోనే తప్పుంది. ఈ ఒక్క పరీక్షతో సగం వెతుకులాట తగ్గుతుంది.

సరిచేయడం ఎలా?

పాత స్క్రిప్టుకు అతుకులు వేయడం కన్నా సిస్టమ్‌డీకి అర్థమయ్యే ‘యూనిట్ ఫైలు’ రాయడం మేలు. భయపడాల్సినంత పెద్ద పని కాదు, పది పన్నెండు వరుసలు చాలు. ‘ఎట్‌సీ/సిస్టమ్‌డీ/సిస్టమ్’ ఫోల్డర్‌లో పెట్టాలి. అందులో మూడు భాగాలు ఉంటాయి.

‘యూనిట్’ భాగంలో ఈ సేవ ఏమిటో, దేని తర్వాత లేవాలో రాయాలి. ‘ఆఫ్టర్’ వరుసను మాత్రమే చెబుతుంది, ఎవరినీ పిలవదు. ‘వాంట్స్’ లేదా ‘రిక్వైర్స్’ పిలుస్తుంది, కానీ వరుస చెప్పదు. డేటాబేస్ రావాలి, అదీ ముందే రావాలి అంటే రెండూ రాయాలి. ఈ రెండింటిలో ఒకటి మర్చిపోవడం తరచూ జరిగే పొరపాటు.

‘సర్వీస్’ భాగంలో ఏ వినియోగదారు పేరుతో నడవాలో, ఏ ఫోల్డర్‌లో నడవాలో, ఏ ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టాలో రాయాలి. ప్రోగ్రామ్ పేరు పూర్తి దారితో ఇవ్వండి. పాత స్క్రిప్టులో చివర ‘అండ్’ గుర్తు పెట్టి వెనక్కి పంపే అలవాటు ఉంటే అది తీసేయండి. ప్రోగ్రామ్ ముందు నిలబడి నడిస్తేనే సిస్టమ్‌డీ దాన్ని కనిపెట్టుకుని ఉండగలదు. ‘రీస్టార్ట్=ఆన్-ఫెయిల్యూర్’, ‘రీస్టార్ట్‌సెక్=10’ అని రాస్తే పడిపోయిన పది సెకన్లకు మళ్లీ లేపుతుంది. ‘రన్‌టైమ్ డైరెక్టరీ’ రాస్తే మాయమయ్యే ఫోల్డర్‌ను ప్రతిసారీ అదే చేసి ఇస్తుంది.

‘ఇన్‌స్టాల్’ భాగంలో ‘వాంటెడ్‌బై=మల్టీ-యూజర్.టార్గెట్’ అని రాయాలి. బూట్ సమయంలో దీన్ని పిలవాలని చెప్పేది ఇదే.

ఫైలు రాశాక ‘సిస్టమ్‌డీ-అనలైజ్ వెరిఫై’తో తప్పులు సరిచూసుకోండి. ‘సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్’ కొట్టి, తర్వాత ‘ఎనేబుల్ --నౌ’ ఇవ్వండి. పాత ఆర్‌సీ.లోకల్‌లోని ఆ వరుసను తీసేయడం మర్చిపోవద్దు. లేదంటే ఒకే ప్రోగ్రామ్ రెండుసార్లు లేవబోయి, పోర్టు ఖాళీ లేదంటూ ఒకటి పడిపోతుంది.

ఒక జాగ్రత్త: ఏ మార్పుకైనా ముందు పాత స్క్రిప్టును, డేటాను వేరే చోట కాపీ చేసి పెట్టుకోండి.

తాత్కాలిక కిటుకులతో ప్రమాదమేమిటి?

స్క్రిప్టు మొదట్లో ‘స్లీప్ 60’ అని పెట్టి నిమిషం ఆగమనడం అందరికీ తెలిసిన కిటుకు. మామూలు రోజుల్లో పనిచేస్తుంది కూడా. కానీ కరెంటు పోయి వచ్చిన రోజున డేటాబేస్‌కు నాలుగు నిమిషాలు పడితే ఆ నిమిషం చాలదు. సరిగ్గా అవసరమైన రోజునే చేయిస్తుంది.

అన్ని ఫైళ్లకూ ‘777’ అనుమతి ఇచ్చేయడం, రెడ్ హ్యాట్ రకం సర్వర్లలో భద్రత చూసే ‘ఎస్‌ఈలినక్స్’ను ఆపేయడం ఇంకా చెడ్డవి. సేవ లేవొచ్చు. దాంతోపాటు జనం ఆధార్ నంబర్లు, రోగుల రిపోర్టులు ఉన్న సర్వర్ తలుపు కూడా తెరుచుకుంటుంది.

ఇంకెంత గడువుంది?

‘పాత స్క్రిప్టు ఇప్పటికి నడుస్తోంది కదా, తర్వాత చూద్దాం’ అనుకోవడానికి వ్యవధి తగ్గుతోంది. పాత స్క్రిప్టులకు మద్దతు తీసేయబోతున్నామని 2023 జూలైలో వచ్చిన 254వ వెర్షన్‌లోనే సిస్టమ్‌డీ ప్రాజెక్టు హెచ్చరించింది. 260వ వెర్షన్‌లో ఆ మద్దతు ఉండదని తర్వాత ప్రకటించింది. ఇనిట్.డీ స్క్రిప్టులను మార్చిపెట్టే భాగంతో పాటు ఆర్‌సీ.లోకల్‌ను నడిపే భాగం కూడా ఆ తొలగింపు జాబితాలో ఉంది.

మీ సర్వర్ రేపే ఆగిపోతుందని కాదు. ఉబుంటు 24.04లో ఉన్నది 255వ వెర్షన్. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 257. వీటిలో పాత స్క్రిప్టులు ఇంకా నడుస్తాయి. 260 లేదా ఆ తర్వాతి వెర్షన్ ఉన్నదానికి మారినప్పుడు నడవవు. అలాగని పాతదానిలోనే ఉండిపోదామా అంటే సెంటోస్ 6కు భద్రతా సవరణలు 2020 నవంబరు 30తో, సెంటోస్ 7కు 2024 జూన్ 30తో ఆగిపోయాయి. అవి నడిచే సర్వర్‌ను ఇంటర్నెట్‌కు కలపడం ప్రమాదం. అంటే ముందుకు వెళ్లక తప్పదు, స్క్రిప్టు మార్చకుండా ముందుకు వెళ్లలేం.

కౌంటర్ ముందున్న మీరు ఏం చేయొచ్చు?

సర్వర్‌ను మీరు బాగుచేయలేరు. కానీ సమస్య ఏ రకమో కొంతవరకు తెలుసుకోవచ్చు. అదే సేవ మన మిత్ర వాట్సాప్ నంబరు 95523 00009లో ఉంటే అక్కడే నిలబడి ప్రయత్నించండి. అందులో పనిచేస్తే మీ కౌంటర్ లైన్‌లోనే సమస్య ఉంది, మీ పని ఫోన్‌లో అయిపోవచ్చు. అక్కడా రాకపోతే వెనకనున్న సర్వర్ వరకూ సమస్య ఉన్నట్టు. వేరే కౌంటర్‌కు పరుగెత్తినా లాభం ఉండకపోవచ్చు.

ఆఖరు తేదీ ఉన్న పనైతే వచ్చిన తేదీ, సమయం, తెరపై కనిపించిన తప్పు సందేశం ఫొటో తీసి పెట్టుకోండి. వచ్చారనడానికి ఆధారంగా దరఖాస్తును కాగితం మీద తీసుకుని తేదీ వేసి ముద్ర ఇవ్వమని అడగండి. ఒకే చోట మళ్లీ మళ్లీ ఇదే జరుగుతుంటే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వొచ్చు. ‘సర్వర్ పనిచేయడం లేదు’ అని కాకుండా ‘ఫలానా తేదీల్లో, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఈ సేవ ఆగుతోంది’ అని రాయండి. ఆ ఒక్క వాక్యం బాగుచేసేవారికి సగం దారి చూపిస్తుంది.

ఆఫీసును నడిపేవారు అడగాల్సిన ప్రశ్న

కాలేజీ ప్రిన్సిపాల్, సంఘం కార్యదర్శి, ఆస్పత్రి మేనేజర్, మిల్లు యజమాని.. సర్వర్ గురించి ఏమీ తెలియకపోయినా మీరు ఒక ప్రశ్న అడగగలరు: ‘ఇప్పుడు దీన్ని ఆపి ఆన్ చేస్తే, ఎవరూ చేయి పెట్టకుండా అన్నీ లేస్తాయా?’

‘లేస్తాయి’ అనే జవాబు చాలదు, చేసి చూపించమనండి. పనిలేని ఆదివారం ఒకటి ఎంచుకోండి. బ్యాకప్ తీయించి, సర్వర్‌ను పద్ధతిగా రీబూట్ చేయించండి. ఏవి లేచాయి, ఏవి చేత్తో లేపాల్సి వచ్చింది అన్నది ఒక కాగితం మీద రాయించండి. చేత్తో లేపినవే మార్చాల్సిన స్క్రిప్టుల జాబితా. మీ దగ్గర తెలిసినవారు లేకపోతే ఏలూరు ఇంజినీరింగ్ కాలేజీల్లోనో, 2015 నుంచి నిట్ నడుస్తున్న తాడేపల్లిగూడెంలోనో లినక్స్ చదివినవారు దొరుకుతారు. ఆ జాబితా చేతిలో ఉంటే వారికి పని సులువు.

మూడు నెలలకోసారి, ముఖ్యంగా అక్టోబరులో తుపాన్ల కాలం ముదిరేలోపు ఇలా చేసి చూస్తే చాలు. ఎలాగూ ఏదో ఒక రోజు సర్వర్ రీబూట్ అవుతుంది. ఆ రోజును మీరు ఎంచుకుంటే ఆదివారం రెండు గంటలు పోతాయి. గాలివాన ఎంచుకుంటే సోమవారం క్యూలో ఉన్నవారందరి రోజూ పోతుంది.